బావకు రాఖీ కడితే వరస మారిపోతుందా?

బరంపురం_కోడలు
మాది బరంపురం. మా మామగారి తాతల కాలం నుంచి ఇక్కడే ఉంటున్నాము. మా అమ్మాయి భువనేశ్వరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. చదువంతా ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ సాగింది కాబట్టి తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని చదవడం రాదు. మొన్న శ్రావణ పౌర్ణమికి ఇంటికి వచ్చినప్పుడు, మా ఆడపడుచు కొడుక్కి, అంటే తనకు స్వయానా మేనత్త కొడుక్కి, అందరి ఎదుటా బొట్టు పెట్టి రాఖీ కట్టింది. ఆ అబ్బాయి నవ్వుతూ వంద రూపాయలు చేతిలో పెట్టాడు. మా అత్తగారు మాత్రం పీట మీద నుంచి లేచి లోపలికి వెళ్లిపోయి, ఆ పూట అన్నం ముట్టలేదు. "బావకు రాఖీ కట్టి వరస చెడగొట్టింది" అన్నది ఆవిడ బాధ. అమ్మాయేమో, "ఒడియాలో అతను నాకు పిఉసీ పుఅ భాయి. భాయికి కట్టకపోతే ఇంకెవరికి కట్టాలి?" అని ఎదురు అడిగింది.

వాళ్లిద్దరికీ పెళ్లి చేసే ఉద్దేశం ఏ తరఫునా లేదని ముందే చెబుతున్నాను. దయచేసి చర్చను అటు తీసుకువెళ్లకండి. నాకు నిద్రపట్టనివ్వనిది వేరే సంగతి. అదే పిల్ల, అదే పిల్లవాడు, ఒక భాషలో అన్నాచెల్లెళ్లు, మరో భాషలో బావామరదళ్లు. ఎవరితో ఎలా మెలగాలో మనకు నేర్పేది భాషేనా, లేక మనం మెలిగే తీరుకు భాష పేరు మాత్రమే పెడుతుందా?

గునుపురం_గుంటడు
వంద రూపాయలతో బయటపడ్డాడు, మీ మేనల్లుడు అదృష్టవంతుడు. నాకు ఆరుగురు మరదళ్లు. ఈ పద్ధతి మా ఇంటిదాకా వస్తే నా సగం జీతం శ్రావణ మాసంలోనే పోతుంది.

పర్లాకిమిడి_మాస్టారు
ప్రశ్న పైకి కనిపిస్తున్నంత చిన్నది కాదు, అందుకని కొంచెం విస్తారంగా రాస్తున్నాను. తెలుగులో తండ్రి అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న; తల్లి అప్పచెల్లెళ్లు పెద్దమ్మ, చిన్నమ్మ. ఆ మాటల్లోనే నాన్న, అమ్మ ఉన్నారు కాబట్టి వాళ్ల పిల్లలు మనకు అన్నదమ్ములు, అప్పచెల్లెళ్లు. తండ్రి తోడబుట్టినది, తల్లి తోడబుట్టినవాడు మాత్రం అత్త, మామ. పెళ్లయ్యాక వచ్చే అత్తమామలకూ అవే మాటలు. మేనల్లుడు, అల్లుడు, మేనకోడలు, కోడలు, ఈ జంటలన్నీ అలాంటివే. పెళ్లి జరిగినా జరగకపోయినా, జరగడానికి వీలున్న ఇల్లు ఏదో మన మాటలు ముందే గుర్తుపెట్టి ఉంచుతాయి.

ఒడియాలో మాము (మేనమామ) వేరు, శశుర (పెళ్లయ్యాక వచ్చే మామ) వేరు. పిఉసీ (మేనత్త) వేరు, శాశు (అత్తగారు) వేరు. మాము కొడుకూ, పిఉసీ కొడుకూ, తండ్రి తమ్ముడి కొడుకూ అందరూ భాయిలే. 1871లో లూయీ హెన్రీ మోర్గాన్ అనే అమెరికా న్యాయవాది ప్రపంచంలోని చుట్టరికపు మాటలన్నిటినీ పోగుచేసి అచ్చువేసినప్పుడు, తెలుగు, తమిళ భాషల వరసలు తన దేశంలోని ఇరొక్వా ఆదివాసుల వరసలతో పోలడం చూసి ఆశ్చర్యపోయాడు. అంటే ఇది ఏదో ఒక ఇంటి ముచ్చట కాదు, ఒక పెద్ద కట్టడం. పిల్ల నడక నేర్చేటప్పటికే, ఫలానా వాడితో పరిహాసం ఆడవచ్చు, ఫలానా వాడి ఎదుట తల వంచుకోవాలి అన్న భేదం ఆ మాటలతోపాటు ఒంటబట్టేస్తుంది. మీ అమ్మాయి ఇంట్లో ఒక కట్టడాన్నీ, బడిలో మరో కట్టడాన్నీ నేర్చింది. రాఖీ నాడు రెండోది గెలిచింది. కాబట్టి నా జవాబు, నేర్పేది భాషే అని.

జయపురం_జాబిల్లి
మాస్టారి మాట కాదనను గాని, రాఖీ అసలు ఈ రెండు కట్టడాల్లో దేనిదీ కాదు. శ్రావణ పౌర్ణమి మన పెద్దలకు జంధ్యాల పౌర్ణమి. ఒడియావాళ్లకు గమ్హా పూర్ణిమ. ఆ రోజున బలభద్రుడి పుట్టినరోజు చేసుకుని, పశువులను కడిగి పూజిస్తారు. మా చిన్నతనంలో జయపురంలో రాఖీ కట్టడం మార్వాడీల ఇళ్లలోనే చూశాము. ఇప్పుడు పాన్‌డబ్బాలో కూడా రాఖీలు వేలాడుతున్నాయి. తెలుగూ ఒడియా కొట్టుకుంటున్నాయని మనం అనుకుంటుంటే, మధ్యలో లాభపడింది అంగడి.

ప్రాణహిత_గట్టు
మాది సిరొంచ. గోదావరికి ఈ గట్టున మహారాష్ట్ర, ఆ గట్టున కాళేశ్వరం. మా బజారులో కూరగాయల బేరం తెలుగులో సాగుతుంది, తహసీలు కచేరీలో దరఖాస్తు మరాఠీలో రాయాలి. మాస్టారి సిద్ధాంతం మా ఊళ్లో నిలబడదని విన్నవించుకుంటున్నాను.

మరాఠీలో మేనమామ కూతురును మామేబహీణ్ అంటారు, మేనత్త కొడుకును ఆతేభావు అంటారు. బహీణ్ అంటే చెల్లెలు, భావు అంటే సోదరుడు. మాట స్పష్టంగా తోబుట్టువు అంటున్నా, మరాఠీ కులాల్లో చాలావాటిలో మేనమామ కూతురును చేసుకోవడం తరతరాలుగా ఉన్నదే. పెళ్లయి వచ్చిన కోడలు మామగారిని మామంజీ అని పిలవడం పాతకాలపు ఇళ్లలో వినిపించేది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మేనమామ కూతురును చేసుకుంటారు గాని, మేనత్త కూతురును చేసుకోవడానికి వెనకాడతారు. ఆడపిల్లను ఇచ్చిన ఇంటి నుంచి మళ్లీ పిల్లను తెచ్చుకోకూడదని వాళ్ల లెక్క. మనకు రెండు వైపులా దారి ఉంది, వాళ్లకు ఒకవైపే. మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే 1953లో దేశాన్ని చుట్టరికాలను బట్టి నాలుగు మండలాలుగా విభజించినప్పుడు మహారాష్ట్రనూ ఒడిశానూ ఒకే మధ్య మండలంలో చేర్చారు. అయినా ఒకరికి మేనరికం సమ్మతం, మరొకరికి చెవులు మూసుకోవలసిన మాట. ఒకే రకమైన మాటలు రెండు రకాల నడవడికి చోటిస్తున్నాయంటే, నేర్పేది మాట కాదు.

ధర్మాబాద్_పత్తిమూట
సిరొంచ వారిది నిజం. మా నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండి, ఆ తరువాత బొంబాయికీ, 1960లో మహారాష్ట్రకూ వెళ్లింది. మా వీధిలో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ ఒకే గోడకు ఆనుకుని ఉంటాయి. మా పక్కింటి ముస్లిం కుటుంబంలో బాబాయి కొడుకును కూడా చిన్నతనమంతా భాయి అనే పిలుస్తారు, పెద్దయ్యాక వాళ్లలో వాళ్లకే సంబంధం కుదరవచ్చు. బాబాయి కూతురు మనకు సొంత చెల్లెలితో సమానం కాబట్టి మా అమ్మ ఆ పెళ్లికి వెళ్లి వచ్చి రెండు రోజులు గొణిగింది. ఆ ఇంటివాళ్లేమో, మేనమామనే పెళ్లాడిన మా పెద్దమ్మను చూసి అంతకంటే ఎక్కువ గొణిగి ఉంటారని నా అనుమానం.

బరంపురం_కోడలు
ధర్మాబాద్ వారి మాటకు మా అత్తగారు కూడా నవ్వారు. చదివి వినిపించాను. అయితే ఆవిడ ఒక ప్రశ్న వేశారు, దానికి నా దగ్గర జవాబు లేదు. "మాట ముఖ్యం కాకపోతే, పిల్ల ఆ అబ్బాయిని రాఖీ కట్టేటప్పుడు బావా అని ఎందుకు పిలవలేదు?" నిజంగానే ఆ ఒక్కసారి అది భాయ్ అంది.

రాయగడ_పట్టా
అందరూ మాటల చుట్టూ తిరుగుతున్నారు, భూమి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మా తాతకు వంశధార దగ్గర పల్లపు భూమి ఉండేది. మా మేనత్తకు పసుపుకుంకుమ కింద అందులో మూడు ఎకరాలు రాసిచ్చారు. ఆవిడ కొడుక్కి మా అక్కను ఇవ్వడంతో ఆ మూడు ఎకరాలు మళ్లీ మా అక్క పిల్లల చేతికి వచ్చాయి. మా ఇంట్లో దాన్ని అనురాగం అని చెప్పుకుంటారు, నేను పట్టా అని చెబుతాను. అత్తే అత్తగారయితే పిల్లకు ఆరళ్లు ఉండవన్నది రెండో కారణం. మా అక్క విషయంలో ఆ రెండోది మాత్రం ఫలించలేదు.

ఇప్పుడు మా పిల్లలకు పట్టా లేదు, జీతాలు ఉన్నాయి. అవసరం తీరాక వరస కూడా పలచబడుతుంది. బావ అన్న మాట మిగిలిందంటే, ఎండిన చెరువుకు గట్టు మిగిలినట్టే.

నాగావళి_ఒడ్డున
నేను ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. ఇక్కడ రాస్తున్నవారిలో ఎక్కువమంది మగవారని తెలుస్తూనే ఉంది. మాస్టారు, "ఫలానా వాడితో పరిహాసం ఆడవచ్చు" అని ఒక వాక్యంలో దాటిపోయారు. ఆ పరిహాసం ఎటు నుంచి ఎటు వస్తుందో ఒక్కరూ అడగలేదు.

నాకు పదిహేనేళ్ల వయసు నుంచి మా పెద్దత్త కొడుకు వస్తున్నాడంటే భయంగా ఉండేది. జడ లాగడం, చదువుతున్న పుస్తకం గుంజుకోవడం, పదిమందిలో "నా మరదలు" అని కేక వేయడం. నేను ఏడిస్తే పెద్దలు నవ్వేవారు, "బావ కాకపోతే ఇంకెవరు ఆటపట్టిస్తారు?" అనేవారు. అదే మా పెదనాన్న కొడుకు ఆ పని చేసి ఉంటే వీపు చిట్లేది. ఇద్దరి వయసూ ఒకటే, రక్తం దూరమూ ఒకటే. వరస మాత్రం ఒకరికి హద్దు గీసి, ఇంకొకరికి హద్దు చెరిపింది. పక్కనే ఉన్న ఒడియా స్నేహితురాలి ఇంటికి వెళితే ఆమె మాము కొడుకు మంచినీళ్లు ఇచ్చి తలవంచుకుని వెళ్లిపోయేవాడు. నాకు ఆ ఇల్లు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. అందుకని అడుగుతున్నాను. మీ అమ్మాయి భాష వల్ల రాఖీ కట్టిందని మీరందరూ ఎలా తేల్చారు? ఆమెకు భాయి అన్న మాట అవసరమై, ఉన్న రెండు మాటల్లో దాన్ని ఏరుకుని ఉండవచ్చు కదా?

గునుపురం_గుంటడు
నా మొదటి పోస్టు మళ్లీ చదువుకున్నాను. కొంచెం సిగ్గుగా ఉంది. ఒడియా ఇళ్లలో కూడా దిఅరకూ (మరిదికీ) వదినకూ, భిణోయికీ (అక్క మొగుడికీ) శాళీకీ (భార్య చెల్లెలికీ) మధ్య వేళాకోళాలు బాగానే సాగుతాయని మాత్రం చెప్పగలను. అక్కడ హద్దు వేరేచోట చెరిగి ఉంది, అంతే.

మహేంద్రగిరి_మబ్బు
దేవుళ్లను చూడండి. మన గుళ్లలో ఏటేటా కల్యాణం చేస్తాము, సీతారాములైనా శ్రీనివాసుడైనా దంపతులుగానే పూజలందుకుంటారు. పూరీలో గద్దె మీద ఉన్నది అన్న, చెల్లెలు, తమ్ముడు... అంటే బలభద్రుడు, సుభద్ర, జగన్నాథుడు. తోబుట్టువులను గర్భగుడిలో నిలిపిన సమాజానికి అన్నాచెల్లెళ్ల బంధమే అన్నిటికంటే పెద్దదిగా కనిపించడంలో వింత లేదు.

ధర్మాబాద్_పత్తిమూట
సుభద్ర చెల్లెలే, ఒప్పుకున్నాను. పెళ్లాడింది ఎవరిని? కుంతి వసుదేవుడి తోబుట్టువు. అర్జునుడు సుభద్రకు సాక్షాత్తూ మేనత్త కొడుకు.

మహేంద్రగిరి_మబ్బు
తమ్ముడు అని రాయడం నా పొరపాటు, జగన్నాథుడు సుభద్రకు అన్నే. పెళ్లి సంగతికి నా దగ్గర సమాధానం లేదు, సెలవు.

ప్రాణహిత_గట్టు
వెళ్లకండి, మీ మాటలో కొంత ఉంది. తెలుగువాళ్లు చెప్పుకునే అభిమన్యుడు, శశిరేఖల కథ వ్యాసభారతంలో లేదు. అదే కథ మరాఠీలో వత్సలాహరణం. మేనరికం ఉన్నచోట జనం తమకు కావలసిన కథను భారతానికి అతికించుకున్నారు. ఇంకా పాతది కావాలంటే బౌధాయన ధర్మసూత్రం ఉంది. దక్షిణాదివారి అయిదు ప్రత్యేక ఆచారాలను చెబుతూ మేనమామ కూతురునూ, మేనత్త కూతురునూ పెళ్లాడడం, చద్దన్నం తినడం, భార్యతో కలిసి భోజనం చేయడం వాటిలో చేర్చాడు. ఉత్తరాదివారి అయిదింటిలో మద్యం తాగడం, ఉన్ని అమ్మడం, సముద్రయానం ఉన్నాయి. ఎవరి ఆచారం వారి దేశంలో చెల్లుతుందనీ, పక్కదేశంలో చేస్తే దోషమనీ ఆ సూత్రంలో ఉంది. బరంపురంలో ఉన్నవారు ఏ దేశం కిందికి వస్తారో బౌధాయనుడు చెప్పలేదు.

కోర్టు_గుమాస్తా_ఛత్రపూర్
1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఇదే పని చేసింది. అక్కాతమ్ముళ్ల పిల్లలు పరస్పరం నిషిద్ధ సంబంధం కిందికే వస్తారు. కాని ఇద్దరి ఆచారమూ ఒప్పుకుంటే ఆ నిషేధం వర్తించదు. ఆచారాన్ని రుజువు చేయవలసింది మాత్రం ఉందని చెప్పుకునేవారే.

జయపురం_జాబిల్లి
వైద్యం సంగతి కూడా ఒకరు చెప్పాలి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య వారసత్వంగా వచ్చిన జన్యువులు ఎనిమిదింట ఒక వంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామకూ మేనకోడలికీ మధ్య నాలుగింట ఒక వంతు. లోపమున్న ఒకే జన్యువు ఇద్దరి నుంచీ బిడ్డకు అందే అవకాశం ఆ మేరకు పెరుగుతుంది. పెదనాన్న పిల్లలకైనా లెక్క ఇదే అని గమనించండి. నాగావళి గారు "రక్తం దూరమూ ఒకటే" అన్నది అక్షరాలా నిజం. వరసకు రక్తం తెలియదు.

పర్లాకిమిడి_మాస్టారు
నేను మొదట రాసినదాన్ని సవరించుకోవలసి ఉంది. మరాఠీ, ఉర్దూ ఉదాహరణల ఎదుట "నేర్పేది భాషే" అన్న మాట అంత గట్టిగా నిలవదు. అయితే నాగావళి ఒడ్డున వారు రాసినది నన్ను పూర్తిగా ఓడించలేదు, వేరే దారికి మళ్లించింది. ఒకే భాష ఉన్నవాడికి వరస గాలి వంటిది, కనిపించదు. రెండు భాషలు ఉన్నవాడికి అది బట్ట వంటిది, మార్చి కట్టుకోవచ్చు. ఆ వీలు మనకు ఊరికే రాలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలయింది. ఊరు ఒడిశాకు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిపోయింది. ఈ ఊళ్లో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పి, సవరల భాషకు నిఘంటువు కట్టి, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఆ ఏడాదే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఉండిపోయినవారి మేనత్తలు పాతపట్నంలో, మేనమామలు పర్లాకిమిడిలో. మా నాయనమ్మ పుట్టింటికి నడిచి వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేది. ఆ దూరం ఇప్పటికీ అంతే. కాని అటు పెరిగిన పిల్లలు వేరే పుస్తకం చదివారు, ఇటు పెరిగిన పిల్లలు వేరే పుస్తకం. మా తరంలో పాతపట్నం మేనబావ మా అక్కను "ఏమే" అని పిలిస్తే ఆమె నవ్వేది. మా అమ్మాయిని వాడి కొడుకు అలాగే పిలిస్తే, అది మాట్లాడకుండా లేచి వెళ్లిపోయింది. గీత గీసినవారు చుట్టరికం గురించి ఆలోచించి ఉండరు.

రాయగడ_పట్టా
ఇంటిపేరు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇక్కడి బళ్లలో పేరు చివర ఉన్నదే కుటుంబం పేరని రాసుకుంటారు. మా నాన్న పేరు చివర రావు ఉంది కాబట్టి మేమందరమూ రావులమయ్యాము. ఎదురింటి వాళ్లూ రావులే, వెనక వీధి వాళ్లూ రావులే. మా టీచరు మమ్మల్ని ఒకే కుటుంబం అనుకుని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టేది. సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు ఒకటైతే వద్దనుకునే కులం మాది. ఇప్పుడు అసలు ఇంటిపేరు తెలుసుకోవడానికి ముసలివాళ్ల దగ్గరికి పరుగెత్తవలసి వస్తోంది.

బరంపురం_కోడలు
నాగావళి ఒడ్డున గారి పోస్టు చదివాక మా అమ్మాయికి ఫోన్ చేసి, వాదించకుండా, తిన్నగా అడిగాను. హాస్టల్లో స్నేహితురాళ్లు దాని ఫోనులో "బావ" అన్న పేరు చూసి అర్థం అడిగారట. చెప్పగానే వాళ్లు "ఛీ, సొంత భాయి కదా" అన్నారట. అది ఒక కారణం. ఇంకొకటి చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు, కాని ప్రతి పండగకూ అందరి ఎదుటా ఏదో ఒక వేళాకోళం ఆడేవాడట, మేమందరమూ నవ్వేవాళ్లమట. నేను కూడా నవ్వానట. "రాఖీ కడితే మానేస్తాడనుకున్నాను అమ్మా, ఒడియా గుర్తొచ్చి కాదు" అంది.

మా అత్తగారికి ఇది చెప్పడానికి రెండు రోజులు ఆలోచించాను. మా ఊళ్లో రెండేళ్లకొకసారి ఠాకురాణి జాతర జరుగుతుంది. డేరా సాలెల పెద్ద దేశిబెహరా ఇంటి ఆడపడుచుగా బుఢీ ఠాకురాణి పుట్టింటికి వస్తుందని నమ్మకం. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ఇబ్బంది పడితే అమ్మవారికి కోపం వస్తుందని మా అత్తగారే అంటుంటారు. ఆ మాటే ఆవిడకు గుర్తుచేశాను. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "కట్టిందేదో కట్టింది. పిలవడం మాత్రం బావా అనే పిలవమను" అన్నారు. అమ్మాయి ఒప్పుకుంది, ఫోనులో ఆ పేరు ఎప్పుడూ మార్చలేదట. ఆ అబ్బాయి మొన్న ఫోన్ చేసి పరీక్షలు ఎలా రాసిందో అడిగి పెట్టేశాడట.

నాగావళి_ఒడ్డున
పేరు బావ, నడక భాయి. నా చిన్నతనంలో ఈ ఉపాయం తోచలేదు.

గునుపురం_గుంటడు
ఆ రాఖీ ఏ దుకాణంలో కొన్నారో మాత్రం మా మరదళ్లకు చెప్పకండి. నేనే వెళ్లి ఆరు కొని ఇచ్చి వస్తాను.